జానెడు అడవి

ఊళ్ళో చెట్లు లేవన్న సంగతి పురపాలక సంఘం వారికి కాస్త ఆలస్యంగా తెలిసింది. తెలిసేసరికి చెట్లు పెట్టడానికి జాగా కూడా లేదు. ఉన్న జాగాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్ళయ్యాయి, ఇళ్ళ మధ్య మిగిలిన సందుల్లో మోటారు సైకిళ్ళు నిలబడ్డాయి. ప్రతి పట్టణంలోనూ మూడో వంతు అడవి ఉండి తీరాలని పైనుంచి ఉత్తర్వు మాత్రం వచ్చేసింది. కమిషనరుగారు దిగులు పెట్టుకున్నారు. ఆ దిగులుతోనే పెద్ద నగరంలో శిక్షణా తరగతులకు వెళ్ళి, బస చేసిన హోటల్లో ఒక గాజు సీసాను చూశారు. సీసాలో నీళ్ళు, నీళ్ళలో వేళ్ళు, వేళ్ళ మీద జానెడు చెట్టు, దాని నెత్తిన ఊదారంగు దీపం. మట్టన్నది లేదు, ఎండన్నది లేదు. అయినా చెట్టు మాత్రం అచ్చం చెట్టులాగే ఉంది. ఊరి మూడో వంతు అడవి ఎక్కడ దాక్కుని ఉందో కమిషనరుగారికి అప్పుడు తెలిసింది. అది జనం ఇళ్ళలో ఉంది.

ఆయన తిరిగి రాగానే గృహాంతర వనీకరణ విభాగం వెలిసింది. దానికొక బోర్డు, బోర్డు కింద ఒక తలుపు, తలుపు వెనక సహాయ పర్యవేక్షకులు సుందర శివరావుగారు వెలిశారు. ఇంటికో చెట్టు, చెట్టుకో హరిత పత్రం అన్నారు. ఆ పత్రం లేనిదే ఊళ్ళో ఏ పనీ కాదని మైకులో చెప్పించారు. కొళాయి బాగుచేయించుకోవాలన్నా, పెళ్ళి నమోదు చేయించుకోవాలన్నా హరిత పత్రం చూపించాల్సిందే. నాలుగో వార్డులో పోయిన పెద్దాయన ఒకరు, ఇంట్లో చెట్టు లేని కారణంగా, కాగితాల మీద ఇంకా బతికే ఉన్నాడు.

చెట్టును మట్టిలో కాకుండా నీళ్ళలోనే ఎందుకు పెంచాలని ఎవరో అడిగారట. మట్టి గనుల వాళ్ళ కిందికి వస్తుందనీ, తట్టెడు మట్టి గడప దాటించాలన్నా వాళ్ళ అనుమతి కావాలనీ, నీళ్ళయితే పురపాలక సంఘానివే కనక, వచ్చిన రోజున ఎవరినీ అడగనవసరం లేదనీ జవాబు వచ్చింది.

త్రివేణికి అడవితో ఏ పేచీ లేదు. ఆమెకు కావలసిందల్లా పురపాలక ఆదర్శ పాఠశాల ఎల్‌కేజీలో కూతురు మోక్షితకు ఒక సీటు. ఆ బళ్ళో ఇంగ్లీషు చెబుతారు, ఫీజు లేదు, బెంచీలున్నాయి, ఫ్యాన్లు తిరుగుతాయి. భర్త ఏడుకొండలుకు వెల్డింగు షాపులో పని. ఇంకో బడి మాట ఆ ఇంట్లో ఎత్తుకునే వీలు లేదు. త్రివేణి తన చదువు ఎనిమిదో తరగతిలో మానేసింది. మానేసింది అనడం కన్నా, బడి మారేటప్పుడు ఏదో కాగితం అందకపోతే, వచ్చాక పంపిద్దాంలే అని ఇంట్లో అన్నారు అంటే సరిపోతుంది. ఆ కాగితం కన్నా ముందు పెళ్ళి వచ్చింది. అందుకని ఏ కాగితం మాట చెవిన పడినా ఆమె వెంటనే వెళ్ళి వరుసలో నిలబడుతుంది. మోక్షిత పుట్టినప్పుడు బరువు తక్కువ. నిద్రపోయే పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవడం అప్పుడు పట్టుకుంది, పిల్లకు మూడేళ్ళు నిండినా ఆ అలవాటు వదల్లేదు.

దరఖాస్తుకు హరిత పత్రం జతచేయాలని బడి గోడ మీద రాసి ఉండటం చూసి, త్రివేణి మర్నాడే కల్యాణ మండపంలో ఆ విభాగం వాళ్ళిచ్చే చెట్ల పెంపకం శిక్షణకు వెళ్ళి ముందు వరుసలో కూర్చుంది. పెళ్ళికొడుకు కుర్చీలో సుందర శివరావుగారు కూర్చున్నారు. వేరే కుర్చీ దొరకలేదట.

"సోదరీమణులారా," అన్నారాయన మైకు సవరించుకుని, "బోన్సాయ్ అనగా, పెరుగుటకు సర్వ విధాలా సిద్ధంగా ఉన్న దానిని, ఆరోగ్యము చెడకుండా, పెరగనీయకుండా ఉంచు కళ. ఈ కళ యందు మన కార్యాలయమునకు చిరకాల అనుభవము గలదు. కనుక మీరు నిశ్చింతగా ఉండవచ్చును."

ఎవరూ నవ్వలేదు. అందరూ రాసుకున్నారు. వేళ్ళు సగం నీళ్ళలో మునగాలి, సగం గాలి పీల్చాలి. వారానికోసారి నీళ్ళు మార్చి, ఇచ్చిన మందు చుక్కలు కలపాలి. ఊదా దీపం పగలంతా వెలగాలి. చిగురు రెండాకులు విప్పగానే గోటితో గిల్లేయాలి. గిల్లకపోతే అది మామూలు చెట్టయిపోతుంది, మామూలు చెట్టుకు పత్రం రాదు. చివర్లో వార్డుకొక జాతి చొప్పున మొక్కలు పంచారు. పక్క వార్డుకు వేప వచ్చింది. త్రివేణి వార్డుకు చింత వచ్చింది.

సీసాను కొంగులో పొదువుకుని ఇంటికి వస్తుంటే, కింది వాటాలో పొయ్యి ముందున్న ఇంటావిడ సామ్రాజ్యమ్మ చూసింది. త్రివేణి వాళ్ళు ఉండేది మేడ మీద ఒంటి గది. వంటా పడకా అన్నీ అందులోనే.

"ఏమే, చింతచెట్టు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటున్నావా? దాని కింద పడుకోమాకండే. మీ మావయ్య చేలో చింత కింద ఓ కునుకు తీసి జొరం తెచ్చుకున్నాడు. దయ్యాలుంటయ్యి."

"జానెడు కూడా లేదత్తా ఇది."

"దయ్యాలకి ఎత్తుతో పనేముందే," అని సామ్రాజ్యమ్మ పొయ్యి వైపు తిరిగింది.

ఆ రోజు నుంచి గదిలో ఇద్దరు పిల్లలు పెరిగారు. కొళాయి రోజు మార్చి రోజు వస్తుంది. వచ్చిన నీళ్ళలో మొదటి చెంబు చింతకు, రెండోది మోక్షితకు, మిగిలితే ఇంటికి. త్రివేణి పొద్దున లేవగానే పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టేది, ఆ తర్వాత సీసా దగ్గరికి వెళ్ళి, ముక్కు ఎక్కడుంటుందో తెలియక, వేళ్ళ దగ్గర చూసేది. ఊదా దీపం వెలుగులో గది మొత్తం ఊదాగా ఉండేది. అన్నం ఊదా, చారు ఊదా, గోడ మీది దేవుళ్ళు ఊదా. కంచంలో ఉన్నది వంకాయో దొండకాయో నోట్లో పెట్టుకునేదాకా తెలియడం లేదని ఏడుకొండలు అన్నాడు. పత్రం వచ్చేదాకా ఏది పెడితే అది వంకాయే అనుకోమని త్రివేణి చెప్పింది.

మొక్క బతకడమే కాదు, పచ్చగా కళకళలాడుతూ చిగురేసింది. లేతాకులు రెండు విప్పుకున్న రోజున త్రివేణి చేతులు కడుక్కుని, పసిబిడ్డ గోళ్ళు తీసేటప్పుడు పడేంత భయంతో, ఒక కన్ను మూసుకుని గిల్లింది. గిల్లిన చిగురును పారెయ్యబుద్ధి కాక చిన్న ప్లేటులో పెట్టింది. మోక్షిత దాన్ని తింటానంది. తల్లి వద్దంది. పిల్ల గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు మెట్ల మీద ఎక్కివస్తున్న వృక్ష పరిరక్షణ విభాగం ఇన్‌స్పెక్టరు ధనుంజయరావుగారికి వినిపించింది.

ఆయన ఊళ్ళో ఉన్న చెట్లను కాపాడటానికి వేసిన మనిషి. చెట్లు లేనన్నాళ్ళూ ఆయనకు కాపాడే పని తగల్లేదు. ఇప్పుడు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. లోపలికి వచ్చి ప్లేటును చూశారు, సీసాను చూశారు, మళ్ళీ ప్లేటును చూసి టోపీ తీసేశారు.

"ఎవరు నరికారమ్మా దీన్ని?"

నరకలేదు, గోటితో గిల్లానని త్రివేణి చెప్పింది. శివరావుగారే గిల్లమన్నారని కూడా చెప్పింది.

"గిల్లుట, తుంచుట, నరుకుట, చట్టం దృష్టిలో మూడూ ఒకటే. తేడా పనిముట్టులో మాత్రమే. శివరావుగారిది పెంపకం విభాగం. మాది రక్షణ విభాగం. పెంపకం వారు గిల్లమనడం పెంపకం వరకే చెల్లుతుంది. రక్షణ వరకు వచ్చేసరికి అది నేరం."

త్రివేణి ప్లేటును కొంగుతో కప్పింది. నేరం ఉన్న ఇంటికి పత్రం ఇస్తారా అని అడిగింది. ఆయన కరుణించారు. మొదటి తప్పు కనక మందలించి వదిలేస్తాననీ, అయితే నరికిన కలప సర్కారు సొత్తు కనక బహిరంగ వేలం వేయక తప్పదనీ అన్నారు.

వేలం సామ్రాజ్యమ్మ వాకిట్లో జరిగింది. కుర్చీలు వేశారు, షామియానా కట్టారు. చిగురు చుట్టుకొలత తీయడానికి టేపు తెచ్చారు. టేపు మీద అంత చిన్న గీత లేకపోవడంతో 'స్వల్పం' అని రాశారు. దుంగ మీద వేసినట్టు చిగురు మీద ఎర్ర రంగుతో నంబరు వేయబోతే నంబరు పట్టలేదు, ప్లేటు మీద వేశారు. ప్లేటు త్రివేణిది. పేపర్లో ప్రకటన చూసి కలప అడితి వ్యాపారి ఒకాయన లారీ వేసుకుని వచ్చాడు. ప్లేటులోకి తొంగి చూసి, ధనుంజయరావుగారి ముఖం చూసి, వచ్చినందుకు మర్యాదగా ఒక పాట పాడి ఊరుకున్నాడు. దాని మీద సామ్రాజ్యమ్మ పాడింది. పాట ఆమె పేరనే కొట్టేశారు.

"చింతచిగురు పప్పు తిని ఎన్నాళ్ళయిందో. ఇందులోకి ఇంకో పిడికెడు బజార్లో తెచ్చి కలుపుకుంటా," అంది ప్లేటు అందుకుని.

కలపను వాకిట్లోంచి వంటింట్లోకి తరలించడానికి రవాణా అనుమతి కావాలని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. అనుమతి వచ్చేసరికి చిగురు వాడిపోయింది, పప్పు ఉడికిపోయింది.

ఇకమీదట గిల్లే ముందు దరఖాస్తు పెట్టుకోవాలన్నారు ధనుంజయరావుగారు. దరఖాస్తు మీద విచారణకు నెల పడుతుంది. శివరావుగారి నిబంధన ప్రకారం చిగురు వారం దాటి ఉండకూడదు. త్రివేణి ఈ రెండు నిబంధనలూ నెత్తిన పెట్టుకుని అన్నం మానేసి తిరిగింది. చివరికి సామ్రాజ్యమ్మే దారి చెప్పింది. ఫ్యాను పెద్దది చేసి వదలమంది, గాలికి రాలిపోతే ఎవరేం చేస్తారంది. త్రివేణి ఫ్యాను ఐదు మీద పెట్టి సీసాను దాని కిందికి జరిపింది. చిగురు రాలింది. ధనుంజయరావుగారు వచ్చి పరిశీలించి, 'తుఫాను నష్టం' అని రాసుకున్నారు. గత పాతికేళ్ళలో ఆ గదిలో అంత గాలి వీచిన దాఖలా లేదని కూడా చేర్చారు. త్రివేణికి తుఫాను సాయం కింద రెండు కొవ్వొత్తులు ఇచ్చారు.

అలా తుఫానుల మధ్య మొక్క ఎదగకుండా ఆరోగ్యంగా ఉంది. బడి దరఖాస్తుల గడువు దగ్గర పడింది. త్రివేణి శివరావుగారి తలుపు ముందు రోజూ నిలబడేది. ఒకరోజు ఆయన స్వయంగా కొలతలకు వచ్చారు. వెంట గొలుసు పట్టుకున్న ఇద్దరు మనుషులు. గది కొలిచారు. గొలుసు పూర్తిగా విప్పనవసరం లేకపోయింది. శివరావుగారు కిటికీలో కాగితం పెట్టుకుని చాలాసేపు హెచ్చవేశారు. హెచ్చవేసే కొద్దీ ఆయన ముఖం వెలిగిపోయింది, ఊదాగా.

"అమ్మా, ఇంత గదికి ఒక వృక్షము. ఇదే నిష్పత్తిలో చదరపు కిలోమీటరుకు వృక్షములు లక్ష దాటుచున్నవి. ఇంతటి దట్టమైన అడవి మన జిల్లా ఎరుగదు. తమకు అభినందనలు."

అభినందనలయితే పత్రం వచ్చినట్టే కదా అని త్రివేణి ఆశపడింది. పత్రానికి ముందు బోర్డు వచ్చింది. ఆకుపచ్చ రేకు మీద తెల్లక్షరాలతో 'దట్టమైన అడవి' అని రాసి తలుపుకు మేకులు కొట్టారు. దాని కింద చిన్నక్షరాలు. లోపల నిప్పు నిషేధం. పెద్ద శబ్దాలు నిషేధం. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే ప్రవేశం.

గ్యాసు పొయ్యి మెట్ల మీదికి వెళ్ళింది. త్రివేణి మూడో మెట్టు మీద కూర్చుని నాలుగో మెట్టు మీద కూర కలిపేది. మోక్షితకు ఏడుపు వస్తే అడవి బయటికి తీసుకెళ్ళి, ఏడిపించి, మళ్ళీ తీసుకొచ్చేది. ఏడుకొండలు షాపు నుంచి ఎప్పుడూ ఏడింటికి గానీ రాడు. మొదటి రోజు బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. తలుపు లోపలి నుంచి త్రివేణి, పత్రం వచ్చేదాకా ఓర్చుకో బావా అని బతిమాలింది.

"ఓర్చుకుంటాలే. పొద్దున్నే ఆరింటికి అడవికొస్తా. టిఫిను మెట్ల మీద పెట్టు," అని మళ్ళీ షాపుకు వెళ్ళి గేట్ల మధ్య చాప పరుచుకున్నాడు.

ఊళ్ళో ఇంటింటా ఇదే. అడవి మూడో వంతు దాటి, సగం దాటి, ఆ వారానికల్లా పురపాలక కార్యాలయం తప్ప మిగతా ఊరంతా దట్టమైన అడవి అయింది. కమిషనరుగారికి శాలువా కప్పారు. ఎక్కడ కప్పాలో తెలియక కార్యాలయంలోనే కప్పారు, మిగతా చోట్ల గుమిగూడటం నిషేధం.

దరఖాస్తులకు ఆఖరు రోజు రేపనగా హరిత పత్రం వచ్చింది. బంగారు అంచు, మొదటి శ్రేణి. త్రివేణి దాన్ని కళ్ళకద్దుకుంది. మోక్షితకు తల దువ్వి, ఉన్న మంచి గౌను తొడిగి, ఆదర్శ పాఠశాల హెడ్మాస్టరుగారి ముందు పెట్టింది. పత్రాన్నీ, పిల్లనూ.

హెడ్మాస్టరుగారు పత్రాన్ని వెలుతురుకు పట్టి చూసి, దివ్యంగా ఉందన్నారు. పిల్లను పేరడిగారు. పిల్ల చెప్పింది. ఏనుగు బొమ్మ చూపించి ఏమిటన్నారు. ఏనుగంది, దానికి తొండం ఒక పక్కకే వేశారని కూడా అంది. ఆయన సంతోషించి, నివాస ధ్రువపత్రం ఒక్కటి జతచేస్తే సీటు ఖాయమన్నారు. ఈ వార్డులో ఉంటున్నట్టు రుజువు కావాలి.

త్రివేణి పిల్లను చంకనెత్తుకుని పురపాలక కార్యాలయానికి పరిగెత్తింది. శివరావుగారు ఆమె ఇంటి నంబరు చెప్పించుకుని, వెతికించి, తల అడ్డంగా ఊపారు.

"ఆ నంబరు రద్దయినది. అడవికి డోరు నంబరు ఉండదమ్మా."

"మేం ఉండేది అక్కడే గదండీ."

"తొందరపడి అలా చెప్పకండి. దట్టమైన అడవిలో నివసించుచున్నాము అని తమరు చెప్పినచో అది ఆక్రమణ. తొలగించవలసి వచ్చును. నివసించుట లేదు అన్నచో ధ్రువపత్రము ఇవ్వజాలము. రెండింటిలో తమకు ఏది అనుకూలమో అది చెప్పండి. విభాగమునకు దేనికీ అభ్యంతరము లేదు."

మొక్కను తిరిగి ఇచ్చేస్తానంది త్రివేణి. ఇచ్చేస్తే గది మళ్ళీ గదవుతుంది, నంబరు వస్తుంది, కానీ హరిత పత్రం పోతుంది, పైగా అడవిని నిర్మూలించినందుకు ధనుంజయరావుగారు వస్తారు అని శివరావుగారు విడమరిచి చెప్పారు. విడమరచడంలో ఆయనకు విసుగు లేదు. ఇందులో లోపం ఎవరిదీ కాదనీ, అన్ని నిబంధనలూ ఒకేసారి సక్రమంగా అమలు కావడం వల్ల అప్పుడప్పుడూ ఇలా జరుగుతుందనీ ఓదార్చారు.

 రేపు ఆఖరు రోజు. ఈ ఏడు పోతే వచ్చే ఏడు చూద్దాంలే అని ఎవరో ఒకరు అంటారు, ఆ మాట ఎంత మెత్తగా ఉంటుందో త్రివేణికి తెలుసు. చంకలో పిల్ల నిద్రపోయింది. అలవాటు కొద్దీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత, తను చదువుకోలేదని చిన్నబోకుండా మొదటిసారి ఆ కార్యాలయంలో ఒక ప్రశ్న అడిగింది.

"మరి మీ లెక్కలో ఆ గదిలో ఉంటుంది ఎవరండీ?"

శివరావుగారు రిజిస్టరు చూసి చెప్పారు. "చింత, ఒకటి. వయస్సు మూడు సంవత్సరములు నిండినది."

అది మొన్న ఎండాకాలం పోయాక మొలిచిన మొక్క అని త్రివేణి అంది. నిజమే కానీ, మూడేళ్ళు నిండని మొక్కలు అడవి లెక్కలోకి రావనీ, లక్ష్యం దృష్ట్యా ఊళ్ళో మొక్కలన్నిటికీ ఒకే రోజున మూడేళ్ళు నిండేలా కమిషనరుగారు ఉత్తర్వు ఇచ్చారనీ ఆయన తెలియజేశారు. ఉత్తర్వు రోజున కార్యాలయంలో లడ్డూలు పంచారట.

త్రివేణి మోక్షితను రెండో చంకకు మార్చుకుంది. తర్వాత, నివాస ధ్రువపత్రం ఆ చింతకు ఇస్తారా అని నెమ్మదిగా అడిగింది.

"దానికైతే ఈ క్షణమే," అన్నారు శివరావుగారు, సంతకం చేసే అవకాశం వచ్చిన మనిషి ఎంత హాయిగా అంటాడో అంత హాయిగా.

మర్నాడు పొద్దున్నే త్రివేణి సీసాను ఒక చంకన పెట్టుకుని, మోక్షితను రెండో చేత్తో పట్టుకుని బడికి వెళ్ళింది. పిల్ల కాగితాలు తీసుకుపోలేదు. చింత కాగితాలు బల్ల మీద పరిచింది. హెడ్మాస్టరుగారు ఒక్కొక్కటే చూశారు. హరిత పత్రం ఉంది, మొదటి శ్రేణి. నివాసం ఉంది. వయసు ఉంది, ఒక్క రోజు కూడా తక్కువ లేదు. పదేళ్ళుగా ఆయన దగ్గరికి ఇంత లోపం లేని దరఖాస్తు రాలేదు. అభ్యర్థి మనిషై ఉండాలని నిబంధనల్లో ఎక్కడైనా ఉందేమో అని గుమాస్తాను వెతకమన్నారు. గుమాస్తా మధ్యాహ్నం దాకా వెతికాడు. అంత స్పష్టంగా ఎక్కడా లేదు. ఆడా మగా అన్నచోట మాత్రం పెన్ను ఆగింది. ఇంకా పూతకు రాలేదని త్రివేణి చెబితే, ఆ గడి ఖాళీగా వదిలారు.

"చేర్చుకోకపోతే తిరస్కరించిన కారణం రాయాలి," అన్నారు హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "కారణం దొరకడం లేదు. పైగా మా బడికీ అడవి లక్ష్యం ఒకటి ఏడిచింది. సరే, సీటిచ్చాం."

త్రివేణి దండం పెట్టింది కానీ కదల్లేదు.

"ఒక్క మాటండీ. చింత ఒక్కతే బడికి ఎట్టా వస్తుంది? దానికి కాళ్ళు లేవు గదా. ఎవరో ఒకరు తెచ్చి, పక్కన కూర్చుని, నీళ్ళు ఒలక్కుండా చూడాలి."

మీరే రండి అన్నారాయన.

"వద్దామనే ఉంది. ఆ బెంచీ మీద నేను పట్టను."

హెడ్మాస్టరుగారు బెంచీని చూశారు, త్రివేణిని చూశారు. తర్వాత ఆమె కొంగు పట్టుకుని, గోడ మీది అక్షరాల పటాన్ని నోరు తెరుచుకుని చూస్తున్న పిల్లను చూశారు. చాలాసేపు చూశారు. ఆయన కూడా ఒకప్పుడు మాస్టరే.

"సంరక్షకురాలిగా ఈ చిన్నమ్మాయిని పంపండి," అన్నారు చివరికి. "కానీ ఒక షరతు. బోధన విద్యార్థికి మాత్రమే. సంరక్షకురాలికి పుస్తకాలివ్వం, పేరు పిలవం, పలక దిద్దించం. తరగతిలో కూర్చున్నప్పుడు ఆ పిల్ల చెవులు మూసుకోవాలా అని అడిగితే, దాని గురించి నా దగ్గర ఉత్తర్వేమీ లేదు."

అలా ఆ ఏడాది ఆదర్శ పాఠశాల ఎల్‌కేజీలో చింత చదువుకుంది. టీచరు కరుణమ్మగారు పొద్దున పేర్లు పిలిచేటప్పుడు చింత అంటే, మోక్షిత సీసా మీద చెయ్యి వేసి, "ప్రెజెంట్ మేడం" అనేది. చింతకు పలక ఇచ్చారు, మోక్షిత పట్టుకుంది. చింతను అ దిద్దమన్నారు. చింతకు చేతులు లేనందున సంరక్షకురాలు దిద్దింది. పద్యం అప్పజెప్పమంటే చింత మౌనంగా ఉండేది, ఎవరో పక్క నుంచి గడగడా చెప్పేవారు. మధ్యాహ్న భోజనం చింత పేరున వచ్చేది. చింత తినేది కాదు. పారెయ్యడం పాపమని ఎవరో తినేవారు.

ఇంటి దగ్గర త్రివేణికి మాత్రం ప్రాణం కుదుట పడలేదు. సీసా పగిలితే సీటు పగిలినట్టే. చిగురు పెరిగితే చదువు పోయినట్టే. మొక్క ఎండితే పిల్ల బడి మానాల్సి వస్తుంది, మొక్క ఎదిగినా మానాల్సి వస్తుంది. ఎండనీయకుండా, ఎదగనీయకుండా ఆమె ఆ ఏడంతా ఫ్యాను కింద కాపలా కాసింది. సందు మొత్తానికి తుఫానులు ఎక్కువ వచ్చింది ఆ గదిలోనే.

ఏడాది చివర తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. చింత తల్లి హోదాలో త్రివేణి కూడా వెళ్ళి, పిల్లలతో నిండిన వరండాలో తన వంతు కోసం కూర్చుంది. కరుణమ్మగారు పెద్దావిడ, ఆ ఏడే బదిలీ మీద వచ్చింది. ఇచ్చిన కాగితాన్ని బట్టి పాఠం చెప్పడమే తప్ప, కాగితం వెనక ఏముందో అడిగే అలవాటు ఆమెకు లేదు. త్రివేణిని చూసి ఆదరంగా కూర్చోమంది. చింత చాలా బుద్ధిమంతురాలనీ, ఒకరి జోలికి పోదనీ, రాతపనిలో తరగతిలోనే మొదటిదనీ, కాస్త మాటే పెగలదనీ చెప్పింది. త్రివేణి తలూపింది. తర్వాత టీచరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించింది.

"ఏమీ అనుకోనంటే ఒకటి చెబుతా. మీ చెట్టును మోసుకొచ్చే ఆ చిన్న పిల్ల ఎవరమ్మా? చురుకైన పిల్ల. ఒకసారి చెబితే పట్టేస్తుంది. ఆ వయసు పిల్లను బడికి పంపకుండా చెట్టు మోయడానికి పెట్టుకోవడం ఏమన్నా బాగుందా? దాన్ని కూడా ఏదన్నా బళ్ళో వెయ్యండి. చదువుకోకపోతే ఎట్టా బతుకుతారమ్మా ఆడపిల్లలు."

 వేస్తామండి, చూస్తున్నాం అంది త్రివేణి. లేచి, సీసా అందుకుంది, పిల్ల చెయ్యి పట్టుకుంది.

ఇంటిదారిలో మోక్షిత కాళ్ళు నేల మీద నిలవలేదు. కనిపించిన ప్రతి అక్షరాన్నీ పట్టుకుంది. కిరాణా కొట్టు బోర్డు మీద క ఉందంది. ఆటో వెనక మ ఉందంది, దాని పక్కన ల ఉందంది, రెండూ కలిపి మల అని గట్టిగా చదివింది. ఎదురుగా సైకిలు దిగి నడిపించుకుని వస్తున్న ధనుంజయరావుగారు ఎక్కడి నుంచి ఆ చదువు అన్నట్టు ఇటు చూశారు. త్రివేణి సీసాను ముందుకు పెట్టి, పిల్లను కొంగు వెనక్కి లాక్కుని, వంగి ఆ చెవిలో చెప్పింది.

"నిదానంగా చదువు తల్లీ. ఎవరన్నా వింటారు."